కేడీ యను మాట

మా పాఠశాల ఆటస్థలమున చెండాట జరుగునప్పుడు అన్యాయముగ చెండు లాగుకొనిన బాలుని తక్కినవారు "ఓరీ కేడీ!" యని పిలుచుట మేము పలుమారు విని యున్నాము. ఆ మాటకు అర్థమేమని యడిగినచో, "దొంగ యని" యొకడును, "పోకిరి యని" యొకడును చెప్పిరి. అది యెచ్చటినుండి వచ్చినదో యెవ్వరును చెప్పజాలరైరి. అది తెలుగు మాట గాదు. ఇంగ్లీషున "నోన్ డిప్రడేటర్" అను రెండు మాటల మొదటి యక్షరములు కె, డి యనునవి. "ఎఱుక పడిన దోపిడికాడు" అని దాని యర్థము. ఒకమారు శిక్షపడిన వారి పేళ్లను పోలీసు ఠాణాలలో పట్టికగ వ్రాసి, వారి రాకపోకలను కనిపెట్టుచుండెడివారు. ఆ పట్టిక కెక్కినవాడు కేడీ. ఆ రెండక్షరములే జనుల నోట నాని నేడు బాలుర ఆటలలోనికి దిగినవి.

ఒక మనుష్యుని పేరు ఆ పట్టిక కెట్లెక్కును? ఎక్కినపిదప ఏల దిగదు? ఒకమారు చెఱసాల కేగినవాడు మరల మరల నచ్చటికే యేల పోవును? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము మన యనంతపురపు సీమ చరిత్రమునందే కొంత దొరకునని మా యభిప్రాయము. విక్టోరియా రాణి కాలమున ఈ పల్లెలయందు బ్రతికిన బీద కూలివాడు తన కథ తాను వ్రాసికొనలేదు. వానికి వ్రాత రాదు. వానిని గూర్చి వ్రాసినవారు పోలీసులును, మేజిస్ట్రేటులును, జైలు అధికారులును. వారు వాని నేరమును వ్రాసిరి గాని వాని సంవత్సరమును వ్రాయలేదు. కావున ముందుగ ఆ సంవత్సరము నెఱుగవలెను.

అనంతపురము సీమ దక్కను పీఠభూమి దక్షిణభాగమున నున్నది. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున వర్షించి యిచ్చటికి వచ్చునప్పటికి బలహీనమగును. రెండు వానలకును దూరమైన యీ నేలపై ఏటికి సగటున 22 అంగుళముల వాన మాత్రమే కురియును. పెన్న, చిత్రావతి, హగరి యను నదులు సంవత్సరమున పెక్కు మాసములు ఇసుకయే. బుక్కరాయసముద్రము, ధర్మవరము, బుక్కపట్టణము వంటి పెద్ద చెఱువుల క్రింద తరి భూమి కొంత కలదు; తక్కినదంతయు మెట్ట. 1882 వఱకు ఈ సీమ బళ్ళారి జిల్లాలోనిది. ఆ యేట ప్రత్యేక జిల్లా యయ్యెను. 2022లో దీనినుండి శ్రీ సత్యసాయి జిల్లా వేఱుపడినది. ఈ వ్యాసమున అనంతపురము సీమ యనగా ఆ రెండును కలిసినదని గ్రహింపవలెను.

ఇట్టి నేలపై భూమి లేని కూలివాని జీవనము వాననుబట్టి నడచును. తొలకరి వాన పడినచో దుక్కి, విత్తనము, పిదప కలుపు. పంట పండినచో కోత, కళ్లము, తూర్పాఱబట్టుట. ఈ పనులకు కూలి చాలవఱకు గింజల రూపముననే దొరకెడిది. కళ్లము ముగిసినపిదప వేసవి. అప్పుడు కట్టెలు కొట్టి యమ్ముట, గడ్డి మోపు తెచ్చుట, రాళ్లు కొట్టుట తప్ప వేఱు దారి లేదు. అదియును దొరకనినాడు రైతునొద్ద రాగులో జొన్నలో అప్పుదెచ్చి, వచ్చు కారున పనిచేసి తీర్చెడివాడు. కొందఱు పెండ్లికో చావుకో చేసిన యప్పు తీర్చుటకు ఏండ్ల తరబడి జీతగాండ్రుగ నొక యింటనే పడియుండెడివారు. వాని యాస్తి యనదగినది వాని రెండు చేతులు. ఆ చేతులకు పని యుండుట వాన కురియుటపై నాధారపడి యుండెను.

1876వ సంవత్సరము మన పంచాంగమున ధాత నామ సంవత్సరము. ఆ యేట వానలు తప్పినవి. మఱుసటి ఈశ్వర నామ సంవత్సరమునను కాలము సరిగా రాలేదు. 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన యా కఱవును మన పెద్దలు ధాత కఱవని పిలిచిరి. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో మాత్రమే 55 లక్షలమంది మరణించిరని యొక యంచనా కలదు. దత్తమండలములు మిక్కిలి బాధపడిన ప్రాంతములలోనివి.

ఇచ్చట నొక సంగతి విద్యార్థులు జాగ్రత్తగ గమనింపవలెను. కఱవునందు కూలివానికి మొదట కరవగునది ధాన్యము గాదు, పని. వాన లేదు గనుక దుక్కి లేదు; దుక్కి లేదు గనుక కూలి లేదు. అప్పిచ్చు రైతు తన యింటివారికి చాలునో చాలదో యని చేయి ముడుచును. ఆ సమయముననే ధర రెండింతలు మూడింతలగును. ధాన్యము దేశమున లేకపోలేదు. 1871 నాటికే మద్రాసునుండి వచ్చు రైలు దారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగ రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసియుండెను. ఆ దారిని బస్తాలు వచ్చుచుండెను. ఊళ్లలో సంపన్నుల జొన్నలు భూమిలో త్రవ్విన పాతరలయందు భద్రముగ నుండెను. కొనుటకు పైకము లేనివానికి ఆ బస్తాయు ఆ పాతరయు ఆకాశమునందలి చుక్కలతో సమానము. వర్తకము తనంతట తాను నడువవలెననియు, ధరలయందు ప్రభుత్వము చేయి పెట్టరాదనియు రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు మతము. 1877 జనవరి 1వ తేదీన, విక్టోరియా రాణిని చక్రవర్తినిగ ప్రకటించుటకు ఢిల్లీలో నాయన గొప్ప దర్బారు జరిపించెను. ఆ దినమున మన సీమ జనులు ఊళ్లు విడిచి బాటలపై నుండిరి.

ప్రభుత్వము బొత్తిగ నూరకుండెననుటయు న్యాయము గాదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ధాన్యము తెప్పించెను. రోడ్లు, చెఱువు కట్టలు, కాలువలు మొదలగు కఱవు పనులు తెఱువబడెను. కాని వ్యయము తగ్గింపుమని ఢిల్లీనుండి వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ 1877లో కూలిని తగ్గించెను. మగవానికి దినమున కొక పౌను ధాన్యము, దానిపై కొంచెము పైకము. ఆడువారికిని పిల్లలకును అంతకంటె తక్కువ. శ్రమచేయు మనుష్యునకు ఒకటిన్నర పౌను లేనిదే ప్రాణము నిలువదని మద్రాసు పారిశుద్ధ్య కమీషనరు డాక్టరు కార్నిష్ గట్టిగ వాదించెను. ఖైదీల భోజనముతో పోల్చిచూచి ఈ కూలి చాలదను చర్చయు నాడు జరిగెను. కడపట 1877 మే మాసమున కూలి కొంత పెంపబడెను. నిజముగ నాకలిగొన్నవాడు తప్ప మఱియొకడు రాకుండునట్లు పనిని కష్టముగను కూలిని తక్కువగను ఉంచవలెనను నియమము ఇంగ్లండునుండి వచ్చినది. అచ్చట 1834 నాటి బీదల చట్టము అనాథశాలలను ఆ నియమము పైననే నడిపెను.

ఆ రెండేండ్లలో మద్రాసు రాజధాని యంతట దొంగతనములును దోపిడులును పెరిగెను; జైళ్లు నిండెను. రాత్రివేళ పొలములోని వెన్నులు కోయుట, పాతరలు త్రవ్వుట, ధాన్యపు బండ్ల నాపుట, కొట్టులు కొల్లగొట్టుట, ఇవియే యందు ముఖ్యములు.

ఇప్పుడొక కూలివాని నూహించి చూతము. ఇతడు మా కల్పన. ఇతనికి పేరు పెట్టము. ఇతనిపై ప్రయోగింపబడు చట్టములు మాత్రము కల్పనలు గావు.

వాడు రాత్రి యొక పాతర మూత తీసి నాలుగు శేర్ల జొన్నలు తీసికొనెను. మూసియున్న పాతరలో విషవాయువు చేరును గనుక దానిలో దిగుట ప్రాణాపాయము. అది యెఱిగియు దిగెను. తలారి పట్టుకొనెను, మునసబు ఠాణా కంపెను. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారము దొంగతనమునకు మూడేండ్లవఱకు కారాగృహము విధింపవచ్చును. 1864 నాటి కొరడా చట్టము ప్రకారము ఆ శిక్షకు మారుగ పేము బెత్తముతో ముప్పది దెబ్బల వఱకు కొట్టింపవచ్చును. వాడొంటరిగ గాక అయిదుగురు కలిసి వర్తకుని బెదరించి బస్తా తీసికొనినచో నది దొంగతనము గాదు, బందిపోటు. అందుకు యావజ్జీవ ద్వీపాంతరవాసము వఱకు శిక్ష కలదు. అయిదుగు రాకలిగొన్నవారు కలిసి వెళ్లుట యెంత సులభమో విద్యార్థు లాలోచింతురుగాక.

వానికి కొన్ని మాసముల శిక్ష పడి, బళ్ళారి జైలులో గడిపి, యింటికి వచ్చెననుకొందము. అసలు కథ యిక్కడ మొదలగును. వాడు లేని కాలమున ఇంటివా రెటు పోయిరో తెలియదు. రైతు, "నీకు పని యిచ్చిన నా కళ్లమునకు కావలి యెవరు?" అనును. అప్పిచ్చువాడు మొగము త్రిప్పుకొనును. ఊరిలో కోడి పోయినను మేక పోయినను తలారి మొదట వాని గుడిసెకే వచ్చును. పని యియ్యనివాడు పని లేనివాడగును; పని లేనివాడు అనుమానింపబడును. ఇది యొక చక్రము. వాడెంత త్రిప్పినను ఆగదు.

చట్టము ఆ చక్రమునకు మఱికొంత వేగమిచ్చెను. శిక్షాస్మృతి 75వ ప్రకరణము ప్రకారము, ఒకమారు దొంగతనమునకు శిక్షపడినవాడు మరల నట్టి నేరమే చేసినచో వాని శిక్ష యావజ్జీవ ద్వీపాంతరమువఱకు పోవచ్చును. లేదా పదేండ్లకు మించకుండ పెరుగవచ్చును. రెండవమారు తీసినదియు నాలుగు శేర్లే కావచ్చును. తూచబడునది జొన్నలు గాదు, వాని పూర్వము. రెండవమారు శిక్ష పడినవానికి జైలుతోపాటు కొరడా దెబ్బలును వేయవచ్చును.

ఇంతకంటె విచిత్రమైన దొకటి కలదు. నేరమేమియు చేయకున్నను, "కనబడు జీవనోపాధి లేనివాడు" అను కారణముచేతనే మేజిస్ట్రేటు ఒకని పిలిపించి, సత్ప్రవర్తనకు జామీను నిమ్మని యడుగుటకు క్రిమినలు ప్రొసీజరు కోడు అధికార మిచ్చెను. 1898 నాటి కోడున నిది 109వ ప్రకరణము. అలవాటుపడిన నేరస్థులకు 110వ ప్రకరణము. జామీను నిల్చుటకు ఆస్తిగల మనుష్యుడు కావలెను. బీదవాని కట్టివా డెక్కడ దొరకును? జామీను దొరకనిచో జైలు. పని లేకపోవుట కఱవు చేసిన కీడు. దానిని నేరముగ నెంచి వానిని లోపలికి పంపిరి. ధనికుడు సంతకముతో తప్పించుకొను ద్వారమున బీదవాడు చిక్కుకొనెను.

మునుపు దూరదేశ మేగి పేరు మార్చుకొని బ్రతుకుటకైన వీలుండెడిది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము స్థాపింపబడెను. ఆ పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారి తెలివి మిక్కిలి తోడ్పడెను. శాస్త్రదృష్టితో చూచిన నది గొప్ప విజయమే. కాని నాటినుండి పూర్వపు శిక్ష మనుష్యుని వ్రేలి కొననే యుండి, యెచ్చటి కేగినను వానితో ప్రయాణము చేయజొచ్చెను.

నేరములు పెరుగుటకు మఱియొక కారణము, నిన్నటివఱకు నేరము గానిది నేడు నేరమగుట. వేసవిలో కట్టెల మోపే కూలివాని యాధారమని చెప్పితిమి. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము కొండలను రిజర్వు అడవులుగ నేర్పరచి, అనుమతి లేక కట్టె కొట్టుటను, పశువుల మేపుటను శిక్షార్హము చేసెను. ఈ సీమలో ఉప్పరవారు చవుటి మన్నునుండి ఉప్పు వండి జీవించెడివారు. సర్కారు ఉప్పు పన్నునకు నష్టమని యా వృత్తి యడపబడెను. తాతలనాటి పని చేయుచునే వారు నేరస్థులైరి. పెక్కుమంది పార పట్టి మట్టిపనికి పోయిరి.

ఈ ధోరణి మన దేశమునకే చేరినది గాదు. ఇంగ్లండులో పొలము కూలివాడు జమీందారుని తోపున కుందేలు పట్టినచో జైలుకు పోయెడివాడు. 1862 నాటి చట్టము ప్రకారము బాటను పోవు అనుమానితుని సంచి వెదకుటకు పోలీసుల కధికార ముండెను. 1869లో అలవాటు నేరస్థుల చట్టమును, 1871లో నేరనివారణ చట్టమును అచ్చట పుట్టినవి. ఆ 1871లోనే మన దేశమున నేరజాతుల చట్టము వచ్చెను. భేద మొక్కటి. ఇంగ్లండున మనుష్యుని నేరమునుబట్టి పట్టిక కెక్కించిరి. ఇచ్చట పుట్టుకను బట్టి యెక్కించిరి.

ఆ చట్టము మొదట ఉత్తరదేశమునకే పరిమితమై, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించెను. దానికి గురియైన వారిలో ఎఱుకలవారు ముఖ్యులు. వారి పూర్వపు వృత్తి యేమి? ఎద్దులమీదను గాడిదలమీదను తీరమునుండి ఉప్పును, లోపలి సీమనుండి ధాన్యమును మోసి వర్తకము చేయుట. సర్కారు ఉప్పు నియమములును రైలు దారులును ఆ వర్తకమును మ్రింగెను. తిరుగుటయే వృత్తియైన జనులు వృత్తి పోయినపిదప తిరుగుచుండగా, తిరుగుటయే నేరమయ్యెను. వారి పేళ్లు వ్రాయబడెను, వ్రేలిముద్రలు తీయబడెను, వేళకు హాజరు చెప్పవలసి వచ్చెను, ఊరు దాటుటకు చీటి కావలసి వచ్చెను. చేతిబిడ్డయు ఆ జాతిలో పుట్టుటచేతనే అనుమానమునకు పాత్రమయ్యెను.

ఈ విషయమున మిషనుల పాత్రనుగూడ మిషను పాఠశాల పత్రిక దాచరాదు. 1913లో బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారు స్టూవర్టుపురము స్థాపించిరి. మద్రాసు ప్రభుత్వమున నుండిన సర్ హెరాల్డు స్టూవర్టు పేర దాని కా పేరు వచ్చెను. మన సీమకు పొరుగున నాటి కర్నూలు జిల్లా సిద్ధాపురమునను అట్టి సెటిల్మెంటు ఉండెను. స్టూవర్టుపురమున భూమి చూపిరి, బడి పెట్టిరి, వైద్యము చేసిరి. అవి మేళ్లే. కాని హాజరు పట్టీయు, చీటియు, దాటినచో శిక్షయు ఆ మేళ్లతో కలిసి నడచినవి. సువార్త చెప్పు చేతనే తాళపుచెవి యుండుట మంచిదా యని మనము నేడైన ప్రశ్నించుకొనవలెను. అచ్చట చదివిన పిల్లలు పెరిగి ఉద్యోగములకు పోయినను, ఊరి పేరు చెప్పగానే యెదుటివాడు జేబు తడవుకొనుట చిరకాలము మానలేదు.

ఇంత చెప్పుటచేత దొంగతనము తప్పు గాదని మేము చెప్పుట లేదు. కఱవున పాతర పోగొట్టుకొనిన రైతు లందఱును ధనికులు గారు. కొందఱి పిల్లలకు ఆ గింజలే ప్రాణము. మఱియు ఆకలిచే చచ్చిన లక్షలమందిలో అధికసంఖ్యాకులు ఒరుల గింజ ముట్టకయే చచ్చిరి. వారి ఓర్పును మరచుట కృతఘ్నత. మేము చెప్పున దింతే: మొదటి నేరమున ఆకలికి పాలు కలదు, రెండవదానిలో మొదటి శిక్షకు పాలు కలదు, మూడవ నేరము నాటికి వాని చేయి యెంతయో, వానికి పని యియ్యని మన చేయి యెంతయో విడదీయుట కష్టము.

కాలము కొన్ని పాఠములు నేర్పినది. ధాత కఱవు పిదప నియమింపబడిన సంఘము 1880లో నివేదిక యిచ్చెను. 1883లో కఱవు నిబంధనలు వెలువడి, ఆకలిగొన్న ప్రజలకు పని చూపుట ప్రభుత్వధర్మమని యొప్పుకొనబడెను. నేరజాతుల చట్టము మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయ్యెను. ఐనను వెంటనే అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. కొరడా చట్టము 1955లో పోయెను. "కనబడు జీవనోపాధి లేనివాడు" అను మాట 1973 నాటి కొత్త కోడున విడిచిపెట్టబడెను. 1860 నాటి శిక్షాస్మృతియే 2024 జూలై 1వ తేదీనుండి తొలగి దానిస్థానమున భారతీయ న్యాయసంహిత వచ్చినది; పూర్వశిక్షను బట్టి శిక్ష పెంచు నియమము మాత్రము దానిలోను నిలిచినది. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు జైలు నిబంధనలలో జాతినిబట్టి చేయు భేదములు చెల్లవని తీర్పు చెప్పెను.

వీనియన్నిటిలో మన సీమకు ప్రత్యేకముగ గర్వింపదగిన దొకటి కలదు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు గ్రామీణ ఉపాధి హామీ పథకమును మన జిల్లా నార్పల మండలమునందలి బండ్లపల్లి యను చిన్న గ్రామమున ప్రారంభించిరి. 2005 నాటి ఆ చట్టము పల్లెకుటుంబమునకు ఏటికి 100 దినముల పని యడుగు హక్కు నిచ్చెను. టెంపుల్ కాలమున పని యనునది యాకలి నిజమా యని పరీక్షించు సాధనము. బండ్లపల్లిలో నది హక్కని పలుకబడెను. ఆ రెంటి నడుమ సుమారు 130 ఏండ్లు గడచినవి. ఆ నూరు దినముల పని ధాత సంవత్సరపు వేసవిలో మన కల్పితపు కూలివానికి తన యూరి చెఱువు కట్టపై దొరకియుండినచో, వాడు పాతర మూత తీయకుండునేమో. అప్పుడు వాని పేరు ఏ పట్టికలోను ఉండదు.

విద్యార్థులారా! ఈ సంచిక మీ చేతికి వచ్చునాటికి వేసవి సెలవులు సమీపించును. మీరు మీ యూళ్లకు పోవుదురు. ప్రతి యూరను "వాడు పాత కేడీ" యని చూపబడు మనుష్యు డొకడుండును. వాని పిల్లవాడు మన తరగతిలోనే యుండవచ్చును. వాని తండ్రి యేమి చేసెనని మీరు సులభముగ తెలిసికొనగలరు, ఎల్లరును చెప్పుదురు. ఆ యేట వాన కురిసినదా, వానికి పని యెవరైన నిచ్చిరా యని కూడ నడిగి తెలిసికొనుడు. అది యడిగినపిదప ఆటస్థలమున ఆ రెండక్షరముల మాట మీ నోట అంత తేలికగ రాదని మా నమ్మకము.